ఆదాయపు పన్ను చిక్కులు - ఉచిత సహాయము

"సేద్యగానికి ఆదాయపు పన్ను లేదు" అను మాట మన గ్రామములలో వేదవాక్యముగా చెల్లుచున్నది. ఈ మాటలో సత్యము కలదు. కాని సంపూర్ణ సత్యము లేదు. మిగిలిన సత్యము తెలియకపోవుటచే రైతు రెండు విధముల నష్టపడుచున్నాడు. చెల్లింప నక్కరలేని చోట తన సొమ్ము కోత పడినను దానిని తిరిగి అడుగవచ్చునని యెరుగడు. ఎరిగి అడుగబోయినచో, దారి చూపెదనని వచ్చిన దళారి చేతిలో చిక్కును. ఈ రెండు నష్టములకును విరుగుడు ఒక్కటే: దమ్మిడీ ఖర్చు లేకుండ నమ్మదగిన సలహా దొరకు చోటు. అట్టి చోట్లు కొన్ని ఇదివరకే యున్నవి. వానివైపు రైతును నడిపించు పని మన సహకార సంఘములే పూనుకొనవలెనని నా అభిప్రాయము.

మొదట చట్టము సంగతి. మన దేశమున 1860లో ఆదాయపు పన్ను ప్రారంభమయ్యెను. 1886 నాటి చట్టము సేద్యపు ఆదాయమును ఈ పన్నునుండి మినహాయించెను. 1922 చట్టమును, 1961 చట్టమును ఆ మినహాయింపును నిలిపియుంచినవి. మన రాజ్యాంగము సేద్యపు ఆదాయముపై పన్ను వేయు అధికారమును రాష్ట్రములకే యిచ్చినది. 2025లో చేయబడి, 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు నిర్ణయింపబడిన నూతన చట్టములో సయితము ఈ మినహాయింపు తొలగింపబడలేదు. కావున వరి, ప్రత్తి, మిరప, చెరకు మొదలగు పంటలవలన వచ్చు రాబడికి గాని, సాగునకిచ్చిన భూమిపై వచ్చు కౌలునకు గాని కేంద్ర ప్రభుత్వపు ఆదాయపు పన్ను లేదు. నారుమళ్లలో పెంచి అమ్మిన మొక్కలవలన వచ్చు ఆదాయము కూడ సేద్యపు ఆదాయముగనే యెంచబడును.

అయితే రైతు ఇంటికి వచ్చు ప్రతి రూపాయియు సేద్యపు రూపాయి కాదు. పాడి పశువులవలన వచ్చు లాభము, కోళ్ల పెంపకపు లాభము, ట్రాక్టరును లేక కోత యంత్రమును ఇతరులకు బాడుగకిచ్చిన రాబడి, పొలములో నిలిపిన సెల్ టవరు బాడుగ, బ్యాంకు డిపాజిట్టుపై వడ్డీ, ఇవి యేవియు చట్టము దృష్టిలో సేద్యపు ఆదాయము కావు. సంఘములో దాచుకొన్న సొమ్ముపై వడ్డీ సంగతియు నిట్టిదే. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు సామాన్యముగా వడ్డీనుండి మూలమున పన్ను కోయవు. కోయలేదు గనుక ఆ వడ్డీకి పన్నే లేదని యెంచుట పొరపాటు. దానిని లెక్కలో చూపవలసినదే.

ఇంకొక మెలిక కలదు. కె.ఎన్. రాజ్ అధ్యక్షతన కూర్చిన సంఘము 1972లో చేసిన సిఫారసు ననుసరించి, 1973 మొదలు సేద్యపు ఆదాయమును పన్ను రేటు నిర్ణయించుటకు మాత్రము లెక్కలో కలుపుచున్నారు. సేద్యపు ఆదాయము 5,000 రూపాయలకు మించి, ఇతర ఆదాయము కూడ పన్ను మొదలగు హద్దును దాటిననే ఈ కలుపుట జరుగును. నూతన పద్ధతిలో ఆ హద్దు 2025-26 సంవత్సరపు లెక్కకు 4 లక్షల రూపాయలు. సామాన్య రైతులలో నధిక సంఖ్యాకులు ఈ హద్దునకు చాల దిగువనే యుందురు. కావున భయమునకు కారణము లేదు; కాని తెలివిడికి అవసరము కలదు.

ఎట్లన, ఒక రైతు భూమిలో కొంత భాగము రహదారికి పోయి, పరిహారము చేతికి వచ్చినదనుకొందము. 2013 భూసేకరణ చట్టము క్రింద ఇచ్చిన పరిహారముపై ఆదాయపు పన్ను లేదని ఆ చట్టమే చెప్పుచున్నది. అతడు అందులో 10 లక్షలు బ్యాంకులో నూటికి 7 వడ్డీకి వేసెను. సంవత్సరమునకు 70,000 వడ్డీ వచ్చును. 2025 ఏప్రిల్ నుండి బ్యాంకు వడ్డీ సంవత్సరమునకు 50,000 రూపాయలు దాటినచో, వృద్ధులకైనచో లక్ష దాటినచో, బ్యాంకు వారు నూటికి 10 వంతున పన్ను కోయుదురు. కోత 7,000. పాన్ నంబరు ఇయ్యనిచో నూటికి 20 వంతున 14,000 పోవును. ఆ రైతునకు వేరు ఆదాయము లేదు గనుక అతడు కట్టవలసిన పన్ను సున్న. సంవత్సరారంభముననే 15జీ పత్రమును, అరువదేండ్లు నిండినవాడైనచో 15హెచ్ పత్రమును ఇచ్చినయెడల కోతయే పడెడిది కాదు. రైతులెరిగిన పేర్లివి, పత్రపు నంబరు ఏదైనను చేయు పని యొక్కటే, నాకు పన్ను పడు ఆదాయము లేదని బ్యాంకునకు వ్రాసియిచ్చుట. అబద్ధముగా వ్రాసియిచ్చినచో శిక్ష కలదని మాత్రము మరువరాదు. పత్రము ఇయ్యనివాడు సైతము గడువులోపల రిటర్ను దాఖలు చేసి కోతపడిన మొత్తమును తిరిగి పొందవచ్చును. వ్యాపారము లేని వ్యక్తికి ఈ గడువు సామాన్యముగా జూలై 31. ఏడువేల రూపాయలు పట్టణపు ధనికునకు లెక్క గాకపోవచ్చును. మన రైతునకు అది విత్తనముల ఖర్చు.

ఈ ఏడువేల కొరకు రైతు పట్టణమునకు పోయినప్పుడే అసలు కథ మొదలగును. నియమము తప్పని లెక్కరులు, ఉచితమైన రుసుమునకే పని చేయువారు పట్టణములలో చాలమంది కలరు. వారిని గురించి నా ఫిర్యాదు లేదు. రిఫండులో మూడవ వంతో, నాల్గవ వంతో తనకిమ్మనువాడు వేరు. వచ్చు మొత్తము పెరిగినకొలది వాని వంతు పెరుగును గనుక లేని ఇంటి అద్దెను, లేని బీమాను, ఈయని విరాళమును వ్రాసి రిఫండు పెంచును. రిటర్నుపై పేరు మాత్రము రైతుది. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖవారు దేశమున పలుచోట్ల ఇట్టి మధ్యవర్తులపై తనిఖీలు ప్రారంభించిరి. మధ్యవర్తులు కొందరు తాత్కాలికపు ఈమెయిలు చిరునామాలు పెట్టి గుంపులుగా రిటర్నులు దాఖలుచేసి, ఆ చిరునామాలను వదలివేసిరనియు, అందువలన నోటీసులు చదువువారే లేకపోయిరనియు అప్పుడు బయటపడెను. తప్పుడు లెక్క చూపి తగ్గించిన పన్నునకు రెండు రెట్లు జుల్మానా పడవచ్చును. దళారి తన వంతు తీసికొని పోవును. జుల్మానా రైతు నెత్తిపై నిలుచును. గోరుచుట్టుపై రోకటిపోటన్న నిదియే.

ఇక ఉచిత సహాయము ఎచ్చట దొరకును? మొదటిది ఆదాయపు పన్ను శాఖయే. సుంకరియన్న పూర్వమునుండి జనులకు భయమే గాని, శాఖవారి కార్యాలయములలో ఆయకర్ సేవా కేంద్రములును, ప్రజాసంబంధాధికారులును ఉన్నది మనబోటివారి కొరకే. అచ్చట అర్జీ యిచ్చి రసీదు పొందవచ్చును. రిటర్ను దాఖలు చేయుటలో సందేహములకు 1800 103 0025 అను నంబరునకు ఖర్చు లేకుండ టెలిఫోను చేయవచ్చును. శాఖవారి వెబ్‌సైటులో రిటర్ను దాఖలు చేయుటకు రుసుము లేదు. ఫిర్యాదు నమోదు చేయుటకును లేదు. పన్ను చెల్లింపుదారుల ఫిర్యాదులు వినుటకు 2003లో ఏర్పడిన అంబుడ్స్‌మన్ పదవులు 2019లో రద్దయినవి గనుక ఇప్పుడు వారికొరకు వెదకి లాభము లేదు.

రెండవది న్యాయసేవాధికార సంస్థ. 1987 చట్టము క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని, వికలాంగులకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసేవ లభించును. తక్కినవారికి ఆదాయపు హద్దు కలదు. ఈ సేవ కోర్టు వ్యాజ్యములకే పరిమితమని చాలమంది యనుకొందురు. ఏ న్యాయ విషయములోనైనను సలహా యిచ్చుట, అధికారుల యెదుట జరుగు విచారణలో సహాయపడుట కూడ చట్టము చెప్పిన న్యాయసేవలోనివే. నోటీసు వచ్చి దిక్కు తోచని వితంతువు మండల న్యాయసేవాధికార సంఘమునకు పోవచ్చును. లేదా 15100 నంబరునకు ఫోను చేయవచ్చును.

నోటీసు అనగానే బెదరి సొమ్ము కట్టువారికి ఒక మాట. 2019 అక్టోబరు 1వ తేదీనుండి శాఖవారు పంపు నోటీసులపై ఒక గుర్తింపు సంఖ్య యుండవలెనను నియమము కలదు. ఆ సంఖ్యను శాఖవారి వెబ్‌సైటులో కొట్టి చూచినచో కాగితము నిజమైనదో నకిలీదో తెలియును. దీనికి ఎవరికిని రుసుము చెల్లింప నక్కరలేదు.

ఇన్ని యుండగా మరల సంఘమెందుకు అని ఎవరైన నడుగవచ్చును. ఆయకర్ కార్యాలయము ప్రతి మండలములోను లేదు. వెబ్‌సైటులోని భాష రైతు భాష కాదు. టెలిఫోనులో ప్రశ్న యడుగుటకు, అసలు ఏమడుగవలెనో తెలిసియుండవలెను. క్రొత్త వంగడము మేలైనదని కరపత్రము పంచినంత మాత్రమున రైతు నమ్మడని నాకు ఈ వృత్తిలో తెలిసిన సంగతి. తన యూరి పొలములో, తన కన్నులయెదుట పండించి చూపిననే నమ్మును. పన్ను విషయమును అంతే. సంఘపు కార్యాలయములో పొరుగు రైతు రిటర్ను నింపుట ఒక్కసారి చూచినవాడు దళారి మాటకు లొంగడు.

అమెరికా దేశములో 1969 మొదలు ఇట్టి యేర్పాటు నడచుచున్నది. అచ్చటి పన్ను శాఖవారు స్వచ్ఛంద సేవకులకు శిక్షణయిచ్చి, పరీక్ష పెట్టి, తక్కువ ఆదాయము గలవారి రిటర్నులను ఉచితముగా వ్రాయించుచున్నారు. గ్రంథాలయములు, కళాశాలలు మొదలైనవి వారి కేంద్రములు. ఒకరు వ్రాసినదానిని రెండవవారు సరిచూచిననే పంపుదురు. క్లిష్టమైన లెక్కలను వారు చేపట్టరు. ఈ మూడు నియమములును మనము గ్రహింపదగినవి.

మన సంఘములకు సాధనములు లేవనుటకు వీలులేదు. 63,000 ప్రాథమిక సంఘములకు కంప్యూటర్లు సమకూర్చు పథకమును కేంద్ర మంత్రివర్గము 2022 జూన్‌లో ఆమోదించినది. కావున నా సూచన యిది. ఏప్రిల్ నెలలో ఒకదినము 15జీ, 15హెచ్ పత్రములు నింపుటకును, జూన్, జూలై నెలలలో వారమున కొకదినము రిటర్నుల కొరకును సంఘము కేటాయింపవలెను. గ్రామమున వాణిజ్యశాస్త్రము చదివిన యువకులను, యువతులను, పదవీ విరమణ చేసిన బ్యాంకు ఉద్యోగులను పిలువవలెను. గోడపై నాలుగు నియమములు పెద్ద అక్షరములలో వ్రాయవలెను: రుసుము పుచ్చుకొనము, సభ్యుని ఫోను నంబరే వాడుదుము, రహస్య సంకేతమును సభ్యుడే యుంచుకొనవలెను, రిటర్ను నకలు సభ్యుని చేతికిత్తుము. దాఖలు చేసిన 30 దినములలోపల రిటర్నును ధ్రువపరుపవలెను గనుక, ఆ పనియు సభ్యుడు లేచిపోకమునుపే ముగింపవలెను.

కార్యదర్శికి ఇప్పటికే పని యెక్కువయనియు, తప్పు దొర్లినచో నింద సంఘముపై పడుననియు కొందరు పెద్దలు ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణ తోసివేయదగినది కాదు. అందువలననే హద్దు గీయుట ముఖ్యము. బ్యాంకు వడ్డీ, పింఛను, చిన్న జీతము, పంట రాబడి గలవారి లెక్కలే సంఘమున చూడవలెను. ఇందులోను జాగ్రత్త కావలెను. సేద్యపు ఆదాయము 5,000 దాటినవారికి మొదటి నంబరు రిటర్ను పత్రము పనికిరాదు, రెండవదానిని వాడవలెను. పట్టణ సమీపపు భూముల విక్రయము, వ్యాపారము, పాత నోటీసులు గల సంగతులను విచారించి, ఆయకర్ కార్యాలయమునకో, న్యాయసేవ వారికో, అర్హుడైన లెక్కరి యొద్దకో పంపివేయవలెను. సరియైన ద్వారము చూపుట కూడ సహాయమే.

వడ్డీ వ్యాపారి చేతినుండి రైతును విడిపించుటకే మన సంఘములు పుట్టినవి. అప్పు పత్రము చదువలేని రైతు నాడు వడ్డీ వ్యాపారికి చిక్కెను. రిటర్ను చదువలేని రైతు నేడు దళారికి చిక్కుచున్నాడు. నాడు పూనుకొన్న పనినే నేడును చేయవలసియున్నది. రానున్న మహాజనసభలో సభ్యులు ఈ విషయమును ప్రస్తావించి, తీర్మానము చేయుదురుగాక.