పదిహేడో నంబరు ఎవరిది?

నూజివీడు దగ్గర మా మావయ్య మామిడి మండీకి రెండేళ్ళ క్రితం నేనే ఓ చిన్న ప్రోగ్రాం రాసిచ్చా. రైతులకో టేబులు, తోటలు గుత్తకి తీసుకునే వ్యాపారులకో టేబులు, లారీల వాళ్ళకో టేబులు. డబ్బులు ముగ్గురికీ ఇస్తారు కాబట్టి చెల్లింపుల టేబులు మాత్రం ఒకటే. అందులో మనిషి నంబరు, పక్కనే 'రకం' అని ఓ కాలమ్. భలే తెలివిగా చేశాననుకున్నా!

మొన్న సీజన్లో మావయ్య ఫోను. "ఒరేయ్, నీ కంప్యూటరు చూసి ఈయన బంగినపల్లి లెక్కలో ఇరవై వేలు కోశాం. ఆయనేమో అడ్వాన్సు రూపాయి కూడా ముట్టలేదని గొడవ!"

చూస్తే ఆ డబ్బు తీసుకున్నది లారీల్లో 17వ నంబరాయన. గుమాస్తా రకం దగ్గర 'రైతు' అని నొక్కాడు. రైతుల్లోనూ ఓ 17 ఉన్నాడు. అంతే.

తప్పు గుమాస్తాది కాదు, నాదే. ఫారిన్ కీ ఒక టేబుల్నే చూపించగలదు. పక్క కాలమ్‌ని బట్టి ఓసారి ఈ టేబులు, ఓసారి ఆ టేబులు చూపించే కీ ఎస్‌క్యూఎల్‌లో లేదు. కాబట్టి అసలు కీయే పెట్టలేదు నేను. అంటే కాపలా లేని తోటన్నమాట. వ్యాపారి రికార్డు తీసేసినా అతని చెల్లింపులు గాల్లో వేలాడతాయి, డేటాబేస్ కిమ్మనదు. రైల్స్ వాళ్ళు దీన్నే పాలిమార్ఫిక్ అసోసియేషన్ అని ముద్దుగా పిలుస్తారు. బిల్ కార్విన్ అయితే 2010లో వచ్చిన తన 'ఎస్‌క్యూఎల్ యాంటీప్యాటర్న్స్' పుస్తకంలో దీన్ని చెయ్యకూడని పనుల్లో చేర్చాడు.

మూడు కాలమ్‌లు పెట్టి, మూడింటికీ ఫారిన్ కీలు ఇచ్చి, ఒక్కటే నిండాలని చెక్ పెట్టొచ్చుగా అంటారా? పెట్టొచ్చు. (మైఎస్‌క్యూఎల్ 2019లో 8.0.16 వచ్చేదాకా చెక్ రాస్తే తీసుకునేది కానీ పట్టించుకునేది కాదు!) కానీ రేపు అట్టపెట్టెలమ్మేవాడొస్తే నాలుగో కాలమ్, కోత కూలీల మేస్త్రీ వస్తే అయిదోది.

నా మటుకు సరైన దారి, పైన 'పార్టీలు' అని ఒకే టేబులు. ప్రతి మనిషికీ ఒకే నంబరు. రైతు, వ్యాపారి, లారీ టేబుళ్ళు ఆ నంబరునే తమ ప్రైమరీ కీగా వాడుకుంటాయి. చెల్లింపు నేరుగా పార్టీనే చూపిస్తుంది. రైతే పక్క తోట గుత్తకి తీసుకున్నా ఇద్దరు మనుషులైపోడు. గుమాస్తా నంబరే తప్పు కొడితే ఇదీ ఆపలేదు, నిజమే. కానీ రకం తప్పు నొక్కితే మనిషి మారిపోవడం మాత్రం ఉండదు.

తమాషా ఏంటంటే మా తాతయ్య చిట్టా ఆవర్జాల్లో ఉన్నది ఇదే. ఎవరైనా సరే ఆవర్జాలో ఒక పేజీ, చిట్టాలో ఆ పేజీ నంబరు. నాలుగేళ్ళు ఇంజినీరింగు చదివి నేను దాన్ని చెడగొట్టా.

ఆ రైతుకి మావయ్య అదే రోజు ఇరవై వేలూ ఇచ్చేశాడు. కానీ ఆయనిప్పుడు కంప్యూటర్ చీటీ ఇస్తే నమ్మట్లేదు, చేత్తో రాసివ్వమంటున్నాడు. ఆయన్ని ఏమనగలం చెప్పండి?