కిందికి వెళ్లాలంటే ‘ర’ నొక్కండి

నేను ఆఫీసు కోడ్ రాసేది విమ్ ఎడిటర్‌లో. రాత్రి సికింద్రాబాద్‌లో ఇంటికొచ్చాక డైరీ కూడా అందులోనే, తెలుగులో. ఓ రోజు పేరా పూర్తిచేసి, కింది లైనుకి వెళ్దామని ‘జె’ నొక్కా. కర్సర్ కదల్లేదు. మళ్లీ నొక్కా. ఊహూఁ. చూస్తే, కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉంది!

విమ్ తెలియనివాళ్ల కోసం: మామూలుగా టైప్ చేస్తే అక్షరం పడుతుంది. ఎస్కేప్ కొట్టాక అవే కీలు ఆజ్ఞలవుతాయి. హెచ్ ఎడమకి, జె కిందికి, కె పైకి, ఎల్ కుడికి. ఆ నాలుగే ఎందుకంటే, విమ్‌కి మూలమైన ‘వీఐ’ని 1976లో రాసిన బిల్ జాయ్ వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు వాటి మీదే ఉండేవి. అంటే మనం డిఫాల్ట్ అని దణ్ణం పెడుతున్నది ఒకాయన బల్ల మీది కీబోర్డుకి!

1986లో మన ప్రభుత్వం తెచ్చిన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో ఆ నాలుగు కీలూ ప, ర, క, త. విమ్‌కి ‘ర’ అంటే ఏం తెలుసు? అందుకే ప్రతి పేరాకీ భాష మార్చాలి, మళ్లీ మార్చాలి. విసిగిపోయి నేను ఎడిటర్ మానలేదు, తెలుగు మానేశా. ఏడాది పాటు డైరీ ఇంగ్లిష్ అక్షరాల్లో నడిచింది. ఇప్పుడు చదివితే అది నా గొంతులా లేదు.

పరిష్కారం సెట్టింగ్స్ ఫైల్‌లో ఒక్క లైను. దాని పేరు ‘లాంగ్‌మ్యాప్’. ‘ప’ అంటే హెచ్, ‘ర’ అంటే జె, ‘క’ అంటే కె, ‘త’ అంటే ఎల్ అని జతలు రాయాలి. టైప్ చేసేటప్పుడు ‘ర’ రగానే పడుతుంది. ఆజ్ఞ ఇచ్చేటప్పుడే జె అవుతుంది. మళ్లీ రాయడం మొదలుపెట్టడానికి ‘గ’ని ఐకి, అన్‌డూ కోసం ‘హ’ని యూకి కలిపా. కోలన్ తర్వాత టైప్ చేసే ఆజ్ఞలకి ఇది పనిచేయదు. అందుకే సేవ్‌ని ఎఫ్2కి పెట్టా. ఏ భాషలో ఉన్నా ఎఫ్2 ఎఫ్2నే కదా.

ఒక జాగ్రత్త. కొత్త కీలు చేర్చుకోండి, పాతవాటి పని మార్చకండి. ఒకప్పుడు ఉత్సాహం కొద్దీ సేవ్‌ని ‘ఎక్స్’కి పెట్టుకున్నా. అర్ధరాత్రి ఓ సర్వర్‌లో సేవ్ చేద్దామని అదే నొక్కితే అక్షరం ఎగిరిపోయింది. నా సెట్టింగ్స్ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి మరి!

ఇప్పుడు డైరీ మళ్లీ తెలుగులోనే రాస్తున్నా. మీ ఎడిటర్‌లో మిమ్మల్ని రోజూ విసిగించే కీ ఏదో ఈ వారం గమనించండి. ఆ ఒక్కటీ మార్చి చూడండి.