గిరి గెలుపు, ఓరుగల్లు సంయమనం
వరంగల్, 1969 ఆగస్టు 21: వి.వి. గిరికి 4,20,077 ఓట్లు, నీలం సంజీవరెడ్డికి 4,05,427 ఓట్లు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కిస్తే గాని రాష్ట్రపతి ఎవరో తేలలేదు. పార్లమెంటు సెంట్రల్ హాలులో సంజీవరెడ్డికి వ్యతిరేకంగా పంచిన కరపత్రంపై ఓడినవారికి అభ్యంతరముంటే రాజ్యాంగం 71వ అధికరణం చూపిన సుప్రీంకోర్టు ఉంది. మమ్మల్ని కలవరపెడుతున్నది మరొకటి. ఆంధ్ర, తెలంగాణ విలీనానికి ముందు 1956 పెద్దమనుషుల ఒప్పందంపై సంతకం చేసిన సంజీవరెడ్డి ఓడారని ఇక్కడ కొందరు సంబరపడవచ్చు. ఆ సంబరం కవ్వింపుగా మారి పోలీసు లాఠీకి సాకు కావచ్చు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ఈ ఏడాది తూటాలు చూసిన ఊరు మళ్లీ ఆ అవకాశం ఇవ్వరాదు. ముల్కీల (స్థానికుల) ఉద్యోగాల రక్షణ, తెలంగాణ మిగులు నిధుల లెక్క రాష్ట్రపతి భవన్‌లో ఎవరున్నా తేలవలసినవే. ఊరేగింపులు మాని, ఈ రెండింటి పరిష్కారానికి గడువు ప్రకటించమని కేంద్రాన్ని నిలదీయాలి. ఉద్యమ కేసుల్లో ఇంకా నిర్బంధంలో ఉన్న విద్యార్థులను రాష్ట్ర ప్రభుత్వం వెంటనే విడుదల చేయాలి.