పిల్లికి చీటీ ఎవరి పేరు మీద?

(ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం, ద్వితీయ సంవత్సరం)

హాస్టల్ వార్షికోత్సవ సంచిక అంటే స్త్రీ విద్య మీదో, నిరుద్యోగం మీదో, అంబేద్కర్ ఆశయాల మీదో రాయాలి గానీ పిల్లి మీద రాయడమేమిటని మిత్రులకు అనిపించవచ్చు. కానీ ఈ ఏడాది మన హాస్టల్లో ఎక్కువ రోజులు వాదన జరిగింది మెస్ మెనూ మీద కాదు, స్కాలర్‌షిప్పుల మీద కూడా కాదు. స్టోరు గది పిల్లి మీద. ఆ వాదనలో నా పక్షం ఏమిటో ఇక్కడ రాస్తున్నాను. ఒప్పుకోని వాళ్ళు వచ్చే సంచికలో జవాబు రాయవచ్చు.

విషయం తెలియని పూర్వ విద్యార్థినుల కోసం క్లుప్తంగా చెబుతాను. స్టోరు గదిలో బియ్యం బస్తాల వెనక ఒక బూడిద రంగు పిల్లి ఉంటోంది. ఎవరూ తెచ్చి పెంచింది కాదు. మనిషి దగ్గరికి వెళితే గుర్రుమని అటక ఎక్కేస్తుంది. మూడేళ్ళుగా మన బియ్యం జోలికి ఎలుకలు రాకుండా చూస్తున్నది అదే. మొన్న సెప్టెంబరులో దాని మెడ మీద పుండు లేచి, పుండులో పురుగులు పడ్డాయి. ఒక కన్ను చీముతో మూసుకుపోయింది. తిండి మానేసింది. జాలిపడి పాలు పోయబోయిన ఇంటర్ చెల్లెలి చేతిని గీరింది. అక్కడ మొదలైంది గొడవ. సగం మంది దాన్ని గోనె సంచిలో వేసి ఊరి బయట వదిలేద్దామన్నారు. మిగతా సగం మంది "పాపం" అన్నారు. పాపం అన్నంత మాత్రాన పుండు మానదు కదా!

ముందు ఆ చెల్లెలి సంగతి చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే అదే ముఖ్యం. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. కుక్క అయినా పిల్లి అయినా, చర్మం కాస్త గీసుకుపోయినా సరే, టీకా వేయించుకోవలసిందే. రక్తం కారితే గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. చర్మపు పొరలో వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు వేస్తారు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడమన్నది దాదాపు లేదు. కాబట్టి పసుపు అద్ది, కారం పెట్టి, దిష్టి తీసి ఊరుకునే పెద్దల మాట ఈ ఒక్క విషయంలో వినకూడదు.

ఊరి బయట వదిలేద్దామన్న వాళ్ళు ఆలోచించని సంగతి ఒకటుంది. కరిచిన కుక్కనైనా పిల్లినైనా 10 రోజులు కనిపెట్టి చూడమంటారు డాక్టర్లు. ఆ 10 రోజులూ అది బతికి బాగుంటే, కరిచిన నాటికి దాని లాలాజలంలో రేబిస్ లేదని అర్థం. (అది చూశాక టీకా సంగతి ఆలోచిద్దామని కాదు, టీకా ముందే మొదలుపెట్టాలి.) మరి సంచిలో కట్టి పారేసిన పిల్లిని ఎవరు కనిపెట్టి చూస్తారు? అంటే పిల్లి మన కళ్ళ ముందు ఉండడం, బతకడం ఆ చెల్లెలికి కూడా అవసరం. దయ గురించి మాట్లాడే ముందే ఈ లెక్క తేలిపోవాలి.

ఇక వైద్యం. మనిషి చేతికి దొరకని పిల్లిని పట్టుకోవడమే సగం వైద్యం. మెస్‌లోని రెండు కూరగాయల ట్రేలు ఎదురెదురుగా పెట్టి, లోపల ఉప్పు చేప ముక్క వేసి, అది దూరాక మందపాటి దుప్పటి కప్పి తాళ్ళతో కట్టాం. చీకటిగా ఉంటే పిల్లి కొంచెం నెమ్మదిస్తుంది. ఒట్టి చేతులతో ఎవరూ ముట్టుకోలేదు. ఆటోలో దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు గారు టీకాల శిబిరానికి వెళ్ళారు. అటెండరు రిజిస్టరు తెరిచి, "రైతు పేరు?" అన్నాడు. హాస్టల్ నుంచి వచ్చామన్నాం. "ఊరు? పశువు ఏది?" పిల్లి అన్నాం. ఆయన దుప్పటి అంచు ఎత్తి చూసి, "వీధి పిల్లికి ఎవరి పేరు రాయమంటారమ్మా? మాకొచ్చే మందులు గేదెలకీ గొర్రెలకీ" అని రిజిస్టరు మూసేశాడు. కోపంగా కూడా అనలేదు. ఉన్న మాట అన్నాడు.

నాకు ఆ "రైతు పేరు" గడి కొత్తది కాదు. మా నాయన ఇరవై ఏళ్ళు పరాయి గేదెలు మేపాడు. గేదెకి జబ్బు చేస్తే ఆసుపత్రికి నాలుగు మైళ్ళు తోలుకెళ్ళింది ఆయన. గొట్టంతో మందు పోసింది ఆయన. చీటీ మీద మాత్రం ఆసామి పేరు. మా నాయనకు చదువు రాదు. ఏడో తరగతిలో ఉండగా ఆ చీటీ నేను చదివి చెబితే, "మరి గేదె ఆయనదే కదమ్మా" అన్నాడు. నిజమే, గేదె ఆయనదే. కానీ అది రెండు రోజులుగా నెమరు వేయడం లేదని డాక్టరుకు చెప్పగలిగింది మా నాయన ఒక్కడే. మనల్ని పిల్లితో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. అలాంటి పోలికలు మన మీద ఇతరులు చేసినవి చాలు. నేను మాట్లాడుతున్నది రిజిస్టరు గురించి. జబ్బుపడిన ప్రాణాన్ని ఎవరు తెచ్చారు, దానికి ఏమైంది అని కాకుండా, అది ఎవరి ఆస్తి అని మొదట అడిగే రిజిస్టరు గురించి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని నేను అనను. దేశమంతటా పశువులకు గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధుల నివారణ కోసం 2019లో పెద్ద కార్యక్రమం మొదలైంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే రైతు వాకిలికే వచ్చే పశు వైద్య వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చాయి. గేదె పోతే సంసారం కూలిపోయే ఇళ్ళ నుంచి వచ్చిన వాళ్ళం, ఆ విలువ మనకు తెలుసు. అయితే ఈ ఏర్పాటంతా పాలు, మాంసం, ఉన్ని, గుడ్లు ఇచ్చే ప్రాణుల చుట్టూ అల్లుకున్నది. 2019 నాటి 20వ పశుగణన ఫలితాలు చూడండి. ఆవులు, గేదెలు, మేకలు సరే, గాడిదలున్నాయి, ఒంటెలున్నాయి, కుందేళ్ళున్నాయి, కుక్కలున్నాయి, ఏనుగులు కూడా ఉన్నాయి. పిల్లి లేదు! మన స్టోరు గదిలో ప్రభుత్వ బియ్యాన్ని కాపాడే ఉద్యోగికి ప్రభుత్వ లెక్కల్లో చోటు లేదన్నమాట.

గ్రూప్స్‌కి చదివే అక్కలకు 51ఎ ఆర్టికల్ బిట్టుగా తెలిసే ఉంటుంది. 1976లో 42వ సవరణతో చేర్చిన ప్రాథమిక విధులు. అందులో (జి) ప్రాణుల పట్ల కరుణ. పరీక్షలో నాలుగు ఆప్షన్లలో గుర్తుపట్టే ఈ విధిని పాటించాలనుకున్న పౌరురాలికి చీటీ ఎవరు రాసిస్తారన్నది సిలబస్‌లో లేదు.

చివరికి జిల్లా కేంద్రంలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్ళాం. డాక్టరు గారు మందపాటి గ్లౌజులు వేసుకుని, మత్తు ఇచ్చి, పురుగులు ఒక్కొక్కటి ఏరి, పుండు కడిగి, ఇంజెక్షన్లు చేశారు. కంటికి మందు ఇచ్చారు. అక్కడ కూడా పేరు అడిగారు. బాలికల వసతి గృహం అని రాయించాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. డబ్బు కట్టే చోట యజమాని ఎవరన్నది అంత పెద్ద ప్రశ్న కాలేదు. ఆటోకి 260, ఫీజు 300, మందులకు 420, మొత్తం 980 రూపాయలు. తలా 20 చొప్పున 49 మంది ఇచ్చారు.

ఈ 980 మీదే అసలు విమర్శ వచ్చింది. "మనకే సబ్బులకు డబ్బుల్లేవు, పిల్లికి క్లినిక్కా? ఇది డబ్బున్న వాళ్ళ సరదా" అన్నారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఏసీ కార్లో కుక్కపిల్లను తిప్పుతూ పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే ఇళ్ళు మనం చూశాం. కానీ జంతువుల్ని చూసుకోవడం వాళ్ళ దగ్గర మనం నేర్చుకున్న విద్య కాదు. తరతరాలుగా ఈ దేశంలో పశువును కడిగింది, మేపింది, పురుడు పోసింది, చస్తే మోసింది ఎవరు? ఆ పని మనది, దాని మీద పేరు మాత్రం మనది కాదు. కాబట్టి ఇది సరదా అని మనమే అనడం నాకు నచ్చలేదు. పైగా బియ్యం బస్తాల్లో ఎలుకలు చేరితే వచ్చే నష్టం 980తో పోదు. ఎలుకల మూత్రం కలిసిన నీటితో వచ్చే జ్వరం సంగతి మా సబ్జెక్టు వాళ్ళను అడగండి.

మందుల విషయంలో ఒక మాట. ఆ రోజుల్లో ఒకరు పారాసిటమాల్ వేద్దామన్నారు. పిల్లికి పారాసిటమాల్ విషం. మన శరీరంలాగా దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిపడా లేదు, ఒక్క మాత్రతో చనిపోవచ్చు. మన వరండాలో పోసే ఫినాయిల్ కూడా దానికి ప్రమాదమే. ఊళ్ళో గేదె పుండుకు పూసేవన్నీ పిల్లికి పూయకూడదు. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటుంది. ఒంటికి రాసిందల్లా కడుపులోకి పోతుంది. పెద్ద పిల్లులు చాలావాటికి పాలు కూడా అరగవు, విరేచనాలవుతాయి. మెతుకుల్లో చేప తలకాయ కలిపి పెడితే చాలు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. పశువుల ఆసుపత్రి రిజిస్టరులో యజమాని లేని ప్రాణికి "తెచ్చినవారు" అని ఒక గడి ఉండాలి. వారంలో ఒక పూట కుక్కలకూ పిల్లులకూ కేటాయించాలి. చిన్న జంతువులకు సరిపడే మందులు కొన్నయినా అక్కడ ఉంచాలి. పట్టుకునే బోను ఒకటి కొని ఉంచితే హాస్టళ్ళూ బడులూ అడిగి తీసుకెళతాయి. ఈ మేరకు 49 మంది సంతకాలతో అర్జీ రాశాం. వార్డెన్ మేడమ్ కవరింగ్ లెటర్ ఇస్తామన్నారు.

పిల్లి కోలుకుంది. మెడ మీద వెంట్రుకలు రాని మచ్చ మిగిలింది, కన్ను కొంచెం మసకగానే ఉంది. మమ్మల్ని చూస్తే ఇప్పటికీ గుర్రుమంటుంది. టీకాలన్నీ వేయించుకున్న ఇంటర్ చెల్లెలు అటక దగ్గరికి మాత్రం వెళ్ళడం లేదు, నేనూ వెళ్ళమనను. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని డాక్టరు గారు చెప్పారు, దానికి మళ్ళీ చందా కావాలి. వేసవి సెలవుల్లో మెస్ మూసేస్తే మెతుకులు పెట్టేదెవరన్నది కూడా తేలలేదు. వంట అక్క తన ఇంటి నుంచి తెచ్చి పెడతానంది గానీ, ఆమెకు ఆ రెండు నెలలు జీతం ఉండదు. ఈ రెండు విషయాలూ వచ్చే మెస్ కమిటీ సమావేశంలో పెడుతున్నాను.