మూడు ఫేజుల మోటారు వద్దంటున్నవాళ్లకు

సంఘం షెడ్డుకు స్పీడు తగ్గించి పెంచుకునే గ్రైండరు కావాలన్న తీర్మానానికి నేనూ చెయ్యెత్తినాను. మనది జీన్స్ కుట్టే ఊరు. కట్టింగ్ మాస్టర్ల కత్తెరలు, కట్టింగ్ మిషను బ్లేడ్లు సానకు వస్తూనే ఉంటాయి. పల్చని ఉక్కును ఫుల్ స్పీడు రాయికి ఆనిస్తే అంచు నీలమెక్కుతుంది. అంటే వేడి 300 డిగ్రీల దరికి పోయిందని అర్థం. ఆ అంచుకు ఇక పదును నిలవదు. కాబట్టి స్పీడు తగ్గించుకోవడం సోకు కాదు.

నా తగువంతా మోటారు దగ్గరే. గ్రూపులో రెండు సలహాలు తిరుగుతున్నాయి. షెడ్డులో ఉన్న సింగిల్ ఫేజు మోటారుకే ఫ్యాను రెగ్యులేటరు లాంటిది తగిలిద్దామని ఒకటి. అది కెపాసిటర్ స్టార్టు మోటారు స్వామీ! దాని స్పీడు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి పోతుంది, వోల్టేజిని బట్టి కాదు. వోల్టేజి సగం చేస్తే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. రాయికి ఇనుము ఆనించగానే స్పీడు దిగజారి, లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్ మళ్లీ కలుసుకుంటుంది. కొన్ని సెకండ్ల పనికి చుట్టిన స్టార్టింగ్ వైండింగు అట్లే కరెంటులో ఉండి కాలిపోతుంది. రీవైండింగు అంగడికి మేలు, మనకు కాదు.

రెండోది గుజిరీలో పాత ట్రెడ్‌మిల్ మోటారు. చవకే, స్పీడు మారేదీ నిజమే. కానీ దానికి కార్బన్ బ్రష్షులు, చల్లదనానికి తెరిచిన కిటికీలు. గ్రైండరు దగ్గర ఎగిరేదంతా ఇనుప పొడి. అది లోపలికి పోతే ఏమవుతుందో చెప్పాలా? ఇంకొకటి, ఆ మోటార్ల నేమ్‌ప్లేట్ మీద 4000 దాటిన ఆర్‌పీఎం తరచుగా ఉంటుంది. మామూలు సానరాయికి హద్దు సెకనుకు 35 మీటర్లు. 200 మి.మీ. రాయిని 4000కు తిప్పితే అంచు వేగం 42 మీటర్ల దరికి పోతుంది. రాయి పగిలితే ముక్క ఎవరి మొహానికి తగులుతుందో? కమిటీవాళ్ల మొహానికి కాదు, అక్కడ పనిచేసే మన పిల్లల మొహానికి.

నేను చెప్పేది మూడు ఫేజుల బెంచ్ గ్రైండరు, దానికొక వీఎఫ్‌డీ. "షెడ్డుకు జెస్కాం ఇచ్చింది సింగిల్ ఫేజే కదప్పా, మూడు ఫేజులు యాడినుంచి తెస్తావు?" అని ఒక పెద్దాయన ఎగతాళి చేసినారు. స్టేషనుకు పోయి గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9ను చూడండి. పైన తీగ ఒక్కటే, 25,000 వోల్టుల సింగిల్ ఫేజు. ఇంజను కింద ఉన్నవి మూడు ఫేజుల మోటార్లు. నడుమ ఉన్న కన్వర్టరే ఆ పని చేస్తుంది. పాత డబ్ల్యూఏజీ-5లో బ్రష్షులున్న డీసీ మోటార్లు ఉండేవి. 1990లలో ఏబీబీ దగ్గర్నుంచి తెచ్చుకున్న ఈ పద్ధతితో రైల్వే బ్రష్షుల పీడ వదిలించుకుంది. రైల్వే వదిలేసినదాన్ని మనం గుజిరీలో ఏరుకుంటామా? "నువ్వు గుమాస్తావు, ఫిట్టరువు కాదు" అన్నవాళ్లూ ఉన్నారు. నిజమే. నేమ్‌ప్లేట్ చదవడానికి గుమాస్తా చాలు.

చదవాల్సింది కూడా అక్కడే ఉంది. 230 వోల్టుల సింగిల్ ఫేజు తీసుకునే చిన్న డ్రైవు బయటికిచ్చేది 230 వోల్టుల మూడు ఫేజులే. మన దేశపు చిన్న మోటార్లు చాలావరకు 415 వోల్టులకు స్టార్‌లో కట్టినవి. టెర్మినల్ బాక్సులో ఆరు కొనలుంటే డెల్టాకు మార్చుకోవచ్చు, అప్పుడు 240కి సరిపోతుంది. మూడు కొనలే ఉంటే ఆ మోటారు మనకు దండగ. డెల్టాలో కరెంటు 1.73 రెట్లు అవుతుంది, డ్రైవును ఆ లెక్కకే కొనాలి. స్పీడు సగమైతే బలం ఉంటుంది కానీ పవరు సగమే, అందుకని అర హెచ్‌పీ కాదు, 1 హెచ్‌పీ. తక్కువ స్పీడులో సొంత ఫ్యానూ నీరసిస్తుంది కాబట్టి 20 హెర్ట్జ్ కిందికి దిగకుండా, రాయి భద్రం కోసం 50 దాటకుండా డ్రైవులోనే కట్టడి పెట్టించాలి. 150 మి.మీ. రాయి, 2800 చిల్లర ఆర్‌పీఎం చాలు. డ్రైవుకూ మోటారుకూ నడుమ స్విచ్ పెట్టకూడదు, ఎర్తింగు మరవకూడదు.

డ్రైవు ఖర్చు ఎక్కువే, కాదనను. ఆదివారం మీటింగులో కొటేషన్ అడిగేటప్పుడు ఇవన్నీ రాయించండి. ఆరు కొనలున్నాయని అంగడివాడు సంతకం పెట్టకుండా అడ్వాన్సు ఇస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను.