గేరు పడనప్పుడు

వేగం కోసం రూపొందించిన కారులో ఇంజను శక్తికీ, నడిపేవారి చేతికీ మధ్యనున్న వారధి గేరు కడ్డీ. ఆ వారధి బిగుసుకున్ననాడు ఎంతటి బలమైన ఇంజను ఉన్నా ప్రయోజనం శూన్యం. ఎదురుగా వాహనం వస్తూండగా లారీని దాటబోయే క్షణాన్ని ఊహించుకోండి. మూడో గేరు నుంచి రెండో గేరుకు దిగబోతే కడ్డీ మొరాయించింది. కారు న్యూట్రల్‌లో తేలిపోయింది. ఆ రెండు మూడు సెకన్ల విలువ ఎంతో చెప్పనక్కరలేదు. కనుక గేరు గట్టిగా పడటం కేవలం చేతికి శ్రమ కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం.

దీనికి మరొక పార్శ్వం కూడా ఉంది. ఈ ఫిర్యాదు వినగానే గేర్ బాక్సు విప్పటానికి సిద్ధపడే మెకానిక్కులు లేకపోలేదు. శక్తిమంతమైన కారులో అది వేలతో పోయే ఖర్చు కాదు. తీరా చూస్తే లోపం క్లచ్ గొట్టంలో చేరిన గాలి బుడగదో, అరిగిన చిన్న ప్లాస్టిక్ బుష్షుదో కావచ్చు. రోగం ఒకచోట, చికిత్స మరొకచోట అన్నట్లు కాకూడదంటే, కడ్డీ ఎందుకు ఎదురుతిరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

తొలినాటి కార్లలో గేరు మార్చటం ఒక విద్య. క్లచ్చిని రెండుసార్లు తొక్కి, యాక్సిలరేటరుతో ఇంజను వేగాన్ని సరిపెట్టి, పళ్ళను కలపవలసి వచ్చేది. 1928లో అమెరికాలో క్యాడిలాక్ కార్లలో ప్రవేశించిన సింక్రోమెష్ ఈ కష్టాన్ని తొలగించింది. దాని కీలకం ఒక చిన్న ఉంగరం. సాధారణంగా ఇత్తడి వంటి మిశ్రమలోహంతో చేస్తారు. మనం కడ్డీని నెట్టగానే ఆ రింగు గేరు అంచుననున్న కోనుకు ఒరుసుకుంటుంది; ఆ రాపిడితో రెండింటి వేగాలు సమానమవుతాయి. సమానమయ్యేవరకు రింగు పళ్ళు దారికి అడ్డంగా నిలుస్తాయి. అంటే చేతికి తగిలే ప్రతిఘటన యంత్రం తనను తాను రక్షించుకునే ప్రయత్నమేనన్న మాట. దానిపై బలప్రయోగం చేస్తే అరిగేది ఆ ఉంగరమే.

ఇంతకూ రింగు తన పని తాను చేయాలంటే ఒక షరతు ఉంది. క్లచ్ తొక్కినప్పుడు ఇంజనుకూ గేర్ బాక్సుకూ సంబంధం పూర్తిగా తెగాలి. కొద్దిగా తగులుతున్నా ఇంజను లోపలి షాఫ్టును తిప్పుతూనే ఉంటుంది. అప్పుడు చిన్న ఉంగరం ఇంజనుతోనే కుస్తీ పట్టవలసి వస్తుంది. గేర్ బాక్సు లోపమని భావించేవాటిలో అనేకం నిజానికి క్లచ్ లోపాలు కావటానికి కారణం ఇదే.

ఏ పనిముట్టూ లేకుండా మీరే చేసుకోదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. కారును చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపండి. క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. ఎప్పుడైనా పళ్ళు ఎదురెదురుగా నిలిచి ఒక గేరు పడకపోవచ్చు. క్లచ్ వదిలి మళ్ళీ తొక్కి వేస్తే పడుతుంది, అది దోషం కాదు. ఇప్పుడు ఇంజను నడుస్తూండగా అదే పని చేయండి. ఆగినప్పుడు సులువుగా పడి, నడుస్తున్నప్పుడు గట్టిగా పడితే క్లచ్ పూర్తిగా విడవటం లేదని దాదాపు నిశ్చయించవచ్చు. రెండు సందర్భాల్లోనూ గట్టిగానే ఉంటే లోపం కడ్డీ నుంచి గేర్ బాక్సుకు పోయే కేబుళ్ళలోనో, రాడ్లలోనో, గేర్లను ఎన్నుకునే యంత్రభాగంలోనో ఉంటుంది. కారు పరుగులో ఉన్నప్పుడు ఒకే ఒక గేరు, ముఖ్యంగా రెండోది, గరగరమంటే దాని రింగు అరిగిందని అనుమానించాలి. ఉదయం కొద్ది నిమిషాలు మాత్రమే ఇబ్బంది పెట్టి తరువాత సర్దుకుంటే ఆయిల్ చిక్కదనం కారణం కావచ్చు.

మరొక పరీక్ష. పెడలును రెండు మూడుసార్లు వెంటవెంటనే తొక్కితే గేరు తేలికగా పడుతోందా? అయితే హైడ్రాలిక్ వ్యవస్థలో గాలి చేరింది, లేదా మాస్టర్ సిలిండరో స్లేవ్ సిలిండరో లీకవుతోంది. వేగంగా నడిపిన తరువాత పెడలు మెత్తబడి, చల్లారాక మామూలైతే ద్రవం మరుగుతోందని అర్థం. ఈ ద్రవం బ్రేకులలో వాడేదే. గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం దీనిది. డాట్ 4 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. నిర్ణీత పరిమాణంలో నీరు చేరాక ఆ కనీస ప్రమాణం 155 డిగ్రీలే. టర్బో ఉన్న ఇంజనులో, వేడి గొట్టాల పక్కగా క్లచ్ పైపు సాగే చోట, ఈ వ్యత్యాసం చిన్నది కాదు. రంగు మారిన ద్రవాన్ని తీసివేసి, కొత్తది పోసి, గాలి తీయించటం తక్కువ ఖర్చుతో అయ్యే పని. వానకాలపు తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాలవారు దీనిని వాయిదా వేయరాదు.

దానికన్నా ముందు చూడవలసినది మరీ చిన్న విషయం: పెడలు కింద మందపాటి మ్యాటు మడతపడి ఉందేమో! అది అడ్డుపడితే క్లచ్ చివరివరకు దిగదు. కేబుల్‌తో పనిచేసే క్లచ్చయితే కేబుల్ సాగి ఉండవచ్చు; సర్దుబాటు చేయిస్తే సరిపోతుంది. వీటన్నిటి తరువాతే వంకరపోయిన క్లచ్ ప్లేటు, తుప్పుపట్టిన స్ప్లైన్లు, బిగుసుకున్న పైలట్ బేరింగు వంటి లోపలి కారణాల వైపు వెళ్ళాలి. గేర్ బాక్సు దించటం తప్పనిసరి అయినప్పుడు, స్లేవ్ సిలిండరు లోపలే ఉండే కార్లలో దానినీ, రిలీజ్ బేరింగునూ ఒకేసారి మార్చించటం వివేకం. మళ్ళీ దింపే కూలి మిగులుతుంది.

ఇక గేర్ ఆయిల్ సంగతి. ఖరీదైనదే మంచిదన్న భ్రమ ఇక్కడ పనికిరాదు. జీఎల్-5 తరగతి ఆయిల్ అధిక భారం మోసే డిఫరెన్షియల్ గేర్ల కోసం ఉద్దేశించినది; అందులో తీవ్రపీడనాన్ని తట్టుకునే రసాయనాలు జీఎల్-4 కంటె ఎక్కువ. అవి కొన్ని రకాల ఇత్తడి రింగులకు హాని చేయగలవు. పైగా జారుడు మితిమీరితే రింగుకు అవసరమైన రాపిడే కరువవుతుంది. అలాగని జీఎల్-5 సర్వత్రా నిషిద్ధమూ కాదు. సుబారు కార్లలో గేర్ బాక్సుకూ ముందు డిఫరెన్షియల్‌కూ ఒకే ఆయిల్ గనుక, ఆ సంస్థ దానినే సూచించింది. కాబట్టి కారుతో వచ్చిన పుస్తకమే ప్రమాణం, దుకాణదారు సలహా కాదు.

వేగాభిమానులు స్వయంగా తెచ్చిపెట్టుకునే కష్టాలు కూడా ఉన్నాయి. కడ్డీ కదలిక దూరాన్ని తగ్గించే అమరిక బిగిస్తే చేతి బలం పెరగక తప్పదు. మీట సూత్రం ఎవరినీ మన్నించదు. బరువైన క్లచ్ ప్లేటు వేస్తే దాని వేగాన్ని మార్చే భారమంతా రింగులపై పడుతుంది. గేరు దించే విషయంలో ఒక చిన్న లెక్క చూడండి. రెండో గేరు నిష్పత్తి 2, మూడోది 1.4 అనుకుందాం. మూడో గేరులో నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజను రెండో గేరుకు దిగితే సుమారు 4,300 చుట్లు తిరగాలి. ఇదే పని 6,000 చుట్ల వద్ద చేయదలిస్తే తేడా రెట్టింపవుతుంది. కాని రింగు భరించవలసిన వేడి నాలుగు రెట్లవుతుంది. పైగా అప్పుడు ఇంజను 8,500 చుట్లు దాటాలి, అది దాని హద్దును మించి పోవచ్చు. న్యాయమైన వేగం వద్దనే, ఇంజనును కొద్దిగా రేజ్ చేసి, వేగాలు కలిపి గేరు దించే పాతకాలపు విద్య నేటికీ వృథా కాలేదు.

ఈ సందర్భంలో జర్మనీకి చెందిన పోర్షె 911 ఉదాహరణ స్మరణీయం. 1972 నుంచి 1986 వరకు ఆ కారులో వాడిన 915 గేర్ బాక్సుకు నిదానంగా మారుతుందన్న పేరు పడింది. ఇంజను వెనుక ఉండటం వల్ల కడ్డీ నుంచి పొడవైన రాడ్డు కారు అడుగున సాగుతుంది. దాని బుష్షులు అరిగినా, క్లచ్ కేబుల్ సర్దుబాటు తప్పినా నింద గేర్ బాక్సు మీదికే వచ్చేది. 1987 నమూనాలో వేరు తరహా సింక్రో రింగులతో, హైడ్రాలిక్ క్లచ్చితో జీ50 అనే గేర్ బాక్సు ప్రవేశించింది; గేర్ల మార్పు సులువైంది. అయినా పాత పెట్టెను సక్రమంగా సర్ది, ఆయిల్ వేడెక్కేవరకు ఓపికపట్టి, తొందరలేని చేతితో నడిపేవారికి అది చిరకాలం సేవ చేసింది.

కనుక గేరు పడనప్పుడు క్రమం తప్పకండి: మొదట మ్యాటు, తరువాత క్లచ్ ద్రవం, కేబుల్, బుష్షులు, ఆయిల్, అన్నిటికన్నా చివర గేర్ బాక్సు. ఈ పరీక్షలు ముగిసేవరకు ఆ కారులో దాటవేతలు మానుకోండి. మెకానిక్కు దగ్గరకు వెళ్ళినప్పుడు "గేరు పడటం లేదు" అని ఊరుకోక, ఏ గేరు, ఎప్పుడు, ఇంజను ఆగినప్పుడా నడుస్తున్నప్పుడా అన్నది వివరంగా చెప్పండి. లక్షణాలు సరిగా చెప్పగలిగిన రోగికి సగం వైద్యం అయిపోయినట్లే. యంత్రం విషయంలోనూ అంతే.