నయీముద్దీన్‌కు దక్కని కుర్చీ

భారత ఫుట్‌బాల్ జట్టుకు 13 ఏళ్ల తర్వాత మన దేశస్థుడే కోచ్ అయ్యాడని 2025 ఆగస్టులో పత్రికలన్నీ రాశాయి. ఖాలిద్ జమీల్ ఆడిన క్లబ్బులు, ఐజోల్‌ను ఐ లీగ్ విజేతగా నిలిపిన 2016-17 సీజన్, ఆయన మితభాషిత్వం అన్నీ వచ్చాయి. ఆ వ్యాసాల్లో చరిత్ర పేరుతో ఒక పేరా ఉంటుంది. అందులో నాటి కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం, 'మైదాన్' సినిమా ప్రస్తావన ఉంటాయి. అక్కణ్నుంచి ఒక్క గెంతులో 2012కు వచ్చేస్తారు. మధ్యలో అర్ధ శతాబ్దం ఏమైందో ఎవరూ చెప్పరు. 2025 అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి ఆసియా కప్ అవకాశం పోగానే, నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 0-1తో ఓడగానే, స్వదేశీ కోచ్‌తో పని కాదన్న తీర్పు వచ్చేసింది. ఆగస్టు సంబరానికీ నవంబర్ తీర్పుకూ మూలం ఒకటే. కోచ్ అనే మనిషిని చూస్తున్నారు తప్ప, ఆ మనిషికి ఏ అధికారం ఇచ్చారో, ఎంత కాలం ఇచ్చారో చూడటం లేదు. హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ జీవితాన్ని ఒక్కసారి తిరగేస్తే ఈ పొరపాటు ఎంత పాతదో తెలుస్తుంది.

ఆటగాడిగా ఆయన స్థాయి గురించి వాదన అక్కర్లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు నుంచి కలకత్తా వెళ్లి అక్కడి పెద్ద క్లబ్బులకు ఆడారు. డిఫెండర్‌గా దేశానికి నాయకత్వం వహించారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చిన జట్టుకు ఆయనే కెప్టెన్. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత మరో పతకం లేదు. ఆ ఏడాదే అర్జున పురస్కారం వచ్చింది. కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ ఒకే సీజన్‌లో గెలిపించారు. ద్రోణాచార్య పురస్కారం అందుకున్న మొదటి ఫుట్‌బాల్ కోచ్ ఆయనే. జాతీయ జట్టుతో 1997లో కాఠ్మాండూలో, 2005లో కరాచీలో దక్షిణాసియా కప్ గెలిచారు. కాఠ్మాండూ ఫైనల్‌లో మాల్దీవులపై స్కోరు 5-1. ఢాకా వెళ్లి బ్రదర్స్ యూనియన్‌నూ, బంగ్లాదేశ్ జాతీయ జట్టునూ నడిపించారు. పక్క దేశం కూడా పిలిచి పని ఇచ్చిన మనిషి గురించి మన క్రీడా పేజీల్లో దొరికేది ఒక్క వాక్యం: కఠినమైన క్రమశిక్షణ గలవాడు, 2006లో తొలగించారు.

ఆ తొలగింపు దగ్గర కొంచెం ఆగాలి. 2005లో ఆయన మళ్లీ జాతీయ జట్టు బాధ్యత తీసుకున్నారు. డిసెంబర్‌లో కరాచీలో బంగ్లాదేశ్‌ను 2-0తో ఓడించి కప్ తెచ్చారు. రెండు నెలలు గడిచాయో లేదో ఆసియా కప్ అర్హత పోటీలు మొదలయ్యాయి. మన గ్రూపులో జపాన్, సౌదీ అరేబియా, యెమెన్ ఉన్నాయి. 2006 ఫిబ్రవరిలో జపాన్ సొంతగడ్డపై మనల్ని 6-0తో ఓడించింది. మార్చిలో ఢిల్లీలో యెమెన్ 3-0తో గెలిచింది. ఈ రెండు ఓటముల తర్వాత నయీముద్దీన్ పదవి పోయింది. ఇంగ్లండ్ నుంచి బాబ్ హౌటన్ వచ్చారు. కథ ఇక్కడితో ఆపి, విదేశీ నిపుణుడు వచ్చి జట్టును గాడిన పెట్టాడని రాయడం ఇరవై ఏళ్లుగా అలవాటైపోయింది.

కానీ అదే గ్రూపులో మిగిలిన నాలుగు మ్యాచ్‌లు ఏమయ్యాయి? కలకత్తాలో సౌదీ చేతిలో 0-3, సౌదీలో 1-7, బెంగళూరులో జపాన్ చేతిలో 0-3, యెమెన్ వెళ్లి 1-2. హౌటన్ కాలంలో నాలుగుకు నాలుగూ ఓడాం, 15 గోల్స్ ఇచ్చాం. మొత్తం ఆరు మ్యాచ్‌లలో ఇచ్చుకున్న గోల్స్ 24, కొట్టినవి 2. యెమెన్ చేతిలో నయీముద్దీన్ ఓడితే పదవి పోయింది, హౌటన్ ఓడితే పోలేదు. హౌటన్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన మంచి కోచ్. 2007లో నెహ్రూ కప్ గెలిచారు. 2008లో ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్ హైదరాబాద్‌లోనే మొదలైంది, వానల వల్ల ఫైనల్ ఢిల్లీకి మారింది, అక్కడ తజికిస్థాన్‌ను 4-1తో ఓడించి 2011 ఆసియా కప్‌కు అర్హత సాధించాం. ఆ ఫలితం రావడానికి ముందు నాలుగు వరుస ఓటములను భరించిన ఓపిక ఫెడరేషన్‌కు ఉంది. ఆ ఓపిక నయీముద్దీన్ విషయంలో రెండు మ్యాచ్‌లకే అయిపోయింది.

ఇది ఒక్కరి కథ కూడా కాదు. 2002 నుంచి ఆ పదవిలో ఎవరెవరు ఎంత కాలం ఉన్నారో వరుసగా చూడండి. స్టీఫెన్ కాన్‌స్టంటైన్ మూడేళ్లు, సుఖ్వీందర్ సింగ్ కొన్ని నెలలు, నయీముద్దీన్ ఏడాది లోపే, హౌటన్ అయిదేళ్లు, అర్మాండో కొలాసో కొన్ని నెలలు, సావియో మెడీరా ఏడాది లోపే. ఆ తర్వాత వచ్చిన విమ్ కూవర్‌మాన్స్‌కు రెండేళ్లకు పైగా, కాన్‌స్టంటైన్‌కు మళ్లీ నాలుగేళ్లు, ఇగోర్ స్టిమాచ్‌కు అయిదేళ్లు. మనోలో మార్కెజ్ ఏడాదిలో వెళ్లిపోవడం ఒక్కటే ఈ వరుసకు మినహాయింపు. విదేశీయుడికి ప్రణాళిక, స్వదేశీయుడికి తాత్కాలిక బాధ్యత అన్నది ఎక్కడా రాసిపెట్టని నియమం. తాత్కాలికంగా కూర్చోబెట్టిన మనిషిని శాశ్వత ఫలితాలు తేలేదని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఇక రహీమ్ సంగతి. సినిమా వచ్చాక ఆయన గురించి తెలియనివారు లేరు, కానీ తెలిసింది సగమే. 1951 ఢిల్లీ స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపు, హైదరాబాద్ సిటీ పోలీస్‌కు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్‌లు, ఇవన్నీ ఆయన కోచ్‌గా సాధించినవి. మెల్‌బోర్న్‌లో హంగేరీ రాకపోవడంతో తొలి రౌండ్ దాటామని తగ్గించి మాట్లాడేవారికి ఒక్క మాట: ఆ తర్వాత ఆతిథ్య ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డపైనే 4-2తో ఓడించాం. అయితే నా దృష్టిలో రహీమ్ జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన వివరం ఈ పతకాల్లో లేదు. 1943 నుంచి 1963 జూన్‌లో కన్నుమూసేదాకా ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి.

జట్టును తయారు చేసే మనిషీ, పోటీల నియమాలు రాసే మనిషీ, పంతుళ్లను, కుర్రాళ్లను, మైదానాలను ఒక తాటి మీదికి తెచ్చే మనిషీ ఒక్కరే అయ్యారు. బంతిని ఎక్కువసేపు కాళ్ల దగ్గర ఉంచుకోవడం ఆయనకు నచ్చలేదు. అందుకని డ్రిబ్లింగ్ నిషేధించిన టోర్నమెంట్లు పెట్టారు. కుర్రాళ్లకు ఒక కాలే ఆడుతోందని గమనించి, అలవాటు లేని కాలితోనే ఆడాలన్న పోటీలు పెట్టారు. వట్టి కోచ్ అయితే ఇలాంటి ఆలోచనను తన జట్టు సాధనలో అరగంట ప్రయత్నించగలడు. కార్యదర్శి కాబట్టి ఊరంతటికీ దాన్ని పోటీగా మార్చగలిగారు. తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికారుద్దీన్ లాంటివాళ్లు ఒకే నగరం నుంచి ఒకే కాలంలో రావడానికి కారణం అదృష్టమని నేను నమ్మను. సంఘం ఆఫీసులో ఆట తెలిసిన మనిషి ఇరవై ఏళ్లు కూర్చోవడమే కారణం.

నయీముద్దీన్‌కు దక్కనిది సరిగ్గా ఆ కుర్చీయే. ఆయన ఎక్కడికి వెళ్లినా జట్టు మాత్రమే ఇచ్చారు. యూత్ లీగ్ ఎలా ఉండాలో, జాతీయ శిబిరానికి క్లబ్బులు ఆటగాళ్లను ఎన్ని రోజులు వదలాలో తేల్చే చోట ఆయనకు మాట లేదు. రహీమ్‌కూ ఆయనకూ మధ్య తేడా ప్రతిభలో ఉందని మన వ్యాసకర్తలు అనుకుంటారు. నాకు కనిపించే తేడా అధికారంలో ఉంది. నగరంలోని మిగతా మాజీ ఆటగాళ్లదీ ఇదే దారి. సాల్గావ్‌కర్‌ను 1998-99 జాతీయ లీగ్ విజేతగా నిలిపిన షబ్బీర్ అలీ, టాటా అకాడమీలో పిల్లలకు ఆట నేర్పిన మహమ్మద్ హబీబ్, ఇద్దరి పనీ హైదరాబాద్‌కు బయటే జరిగింది.

ఇప్పుడు చట్టం సంగతికి రావాలి. మన పత్రికలు పూర్తిగా వదిలేసిన భాగం ఇదే. 2025 సెప్టెంబర్ 19న అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కొత్త నియమావళిని సుప్రీంకోర్టు ఆమోదించింది. ముసాయిదా రాసింది జస్టిస్ లావు నాగేశ్వరరావు, తీర్పు ఇచ్చిన ధర్మాసనానికి నేతృత్వం వహించింది జస్టిస్ పమిడిఘంటం శ్రీనరసింహ. ఇద్దరు తెలుగు న్యాయమూర్తుల చేతుల మీదుగా దేశ ఫుట్‌బాల్ పాలనా పత్రం తయారైందన్న సంగతి కూడా తెలుగు పాఠకుడికి సరిగా చేరలేదు. ఆ పత్రంలో అతిముఖ్యమైన ఏర్పాటు, సర్వసభ్య మండలిలో 15 మంది ప్రముఖ మాజీ క్రీడాకారులకు ఓటు హక్కు. అందులో కనీసం అయిదుగురు మహిళలు ఉండాలి. కోచ్‌లకు, రెఫరీలకు, క్లబ్బులకు కూడా ప్రతినిధులు ఉంటారు.

దీని విలువ తెలియాలంటే 2022 ఆగస్టు గుర్తుండాలి. కోర్టు నియమించిన పాలకుల కమిటీ 36 రాష్ట్ర సంఘాలతో సమానంగా 36 మంది ఆటగాళ్లకు ఓటు ఇవ్వాలని చూసింది. ఫిఫా అభ్యంతరం చెప్పింది, బయటి జోక్యం పేరుతో మనల్ని సస్పెండ్ చేసింది. ఆటగాళ్ల ఓట్లను వెనక్కి తీసుకున్నాకే సస్పెన్షన్ తొలగింది. ఎన్నికలు రాష్ట్ర సంఘాల ఓట్లతోనే జరిగాయి. షబ్బీర్ అలీ, ఐ.ఎం. విజయన్, బైచుంగ్ భుటియా లాంటివారిని కార్యవర్గంలోకి కో-ఆప్ట్ చేశారు. అంటే వాళ్లు ఎన్నికై రాలేదు, వాళ్లకంటూ ఓటర్లు లేరు. ఖాలిద్ పేరును తుది ముగ్గురిలో చేర్చిన సాంకేతిక కమిటీకి అధ్యక్షుడు ఆ విజయనే. 1997లో కాఠ్మాండూలో నయీముద్దీన్ జట్టు తరఫున గోల్స్ కొట్టింది కూడా ఆయనే. నయీముద్దీన్ శిక్షణలో ఆడిన మనిషి ఎంపిక బల్ల దగ్గర కూర్చున్నాకే స్వదేశీ కోచ్‌కు మళ్లీ తలుపు తెరుచుకుంది. ఇది కాకతాళీయమని ఎవరైనా వాదించవచ్చు. నేను మాత్రం ఒప్పుకోను.

2025 అక్టోబర్‌లో సమాఖ్య ఈ నియమావళిని ఆమోదించినప్పుడు రచ్చ ఎక్కువగా ఒక నిబంధన చుట్టూ తిరిగింది. జాతీయ కార్యవర్గానికి ఎన్నికైనవారు రాష్ట్ర సంఘంలో పదవి వదులుకోవాలన్నది ఆ నిబంధన. వార్తలు దీన్ని పదవుల పేచీగానే చూపించాయి. పేచీ నిజమే, నిబంధన సరైనదే. ఒకే మనిషి రాష్ట్రంలో ఓటు పట్టుకుని ఢిల్లీలో కుర్చీ పట్టుకోవడం వల్లే సంఘాలు కుటుంబ ఆస్తులుగా మారాయి. కానీ ఈ నిబంధనను చూపి, కోచ్‌గా పనిచేసే మాజీ ఆటగాడు జిల్లా, రాష్ట్ర సంఘాల్లోకి రాకూడదనే వాదన మొదలైతే దాన్ని మొదట్లోనే అడ్డుకోవాలి. ప్రయోజనాల వైరుధ్యం అంటారు. జట్టు ఎంపికలో అది ఉంటుంది, ఆ ఓటింగ్ నుంచి అతన్ని తప్పించవచ్చు. లీగ్ ఎలా నడవాలి, వయసు వారీ పోటీలు ఏ నెలలో పెట్టాలి అన్న విషయాల్లో అతని అనుభవమే అర్హత. ఈనాటి నియమాలతో చూస్తే రహీమ్ రెండు పదవులూ తప్పుగా కనిపించవచ్చు. ఆ ఇరవై ఏళ్లకు మించిన కాలం హైదరాబాద్ ఫుట్‌బాల్ చూడలేదన్నదీ అంతే నిజం.

పాలమూరు ప్రాంతంలోని పాన్‌గల్ పాఠకుడికి దీనితో పనేమిటని అడగవచ్చు. హైదరాబాద్ రాష్ట్రం పేరుతో ఆడిన జట్టు పాలమూరుది కూడా. కానీ ఆ సంఘం చూపు జంటనగరాలు దాటి ఇటు రాలేదు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్‌లో జిల్లాలయ్యాయి. కొత్త జిల్లా అంటే కొత్త క్రీడా సంఘం, రాష్ట్ర సంఘంలో కొత్త గొంతు. ఆ గొంతు ఎవరిదన్నదే ప్రశ్న. రహీమ్ వృత్తి ఏమిటో గుర్తుందా? బడిపంతులు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటల బాధ్యత చూసినవారు. ఇప్పటి మాటలో పీఈటీ. పాన్‌గల్ హైస్కూల్ గ్రౌండ్‌లో పిల్లలతో కబడ్డీ, ఖోఖో ఆడించే పీఈటీ చేసే పనీ అదే. రహీమ్‌కు ఉన్నది, ఇతనికి లేనిది సంఘంలో మాట. మండల పీఈటీలను జిల్లా సంఘాల్లో ఓటున్న సభ్యులుగా చేర్చేలా రాష్ట్ర సంఘం తన నియమావళి సవరించుకోవాలి.

హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ గెలిచింది. 2025కల్లా ఢిల్లీకి వెళ్లిపోయి పేరు కూడా మార్చుకుంది. కొనుక్కున్న క్లబ్బును యజమాని ఎక్కడికైనా తీసుకుపోగలడు. సంఘాన్ని, బడి లీగును అలా తీసుకుపోలేరు.

2022లో ఎన్నికైన జాతీయ కార్యవర్గానికి 2026 సెప్టెంబర్ దాకానే గడువు. తర్వాతి ఎన్నికలు కొత్త నియమావళి కింద, ఆ 15 మంది ఆటగాళ్ల ఓట్లతో జరగాలి. ఖాలిద్ ఉంటాడా పోతాడా అన్న చర్చకు కేటాయిస్తున్న పేజీల్లో సగమైనా ఈ ప్రశ్నలకు ఇవ్వాలి. ఆ 15 మందిలో హైదరాబాద్ నుంచి ఎవరుంటారు? జాతీయ కోచ్‌కు కనీసం ఒక పూర్తి ఆసియా కప్ అర్హత చక్రం గడువు ఇస్తామని వాళ్లు ఫెడరేషన్ చేత రాయించగలరా? రాయించలేకపోతే, వచ్చే కోచ్ స్వదేశీయుడైనా సరే, నయీముద్దీన్‌కు 2006లో ఇచ్చిన రెండు మ్యాచ్‌లే అతనికీ ఇస్తారు.